లేబుల్ లేని బటన్

పలకని గోటితో కొట్టి చూస్తాను.
బాగున్నది కంగుమంటుంది.
లోపల నెర్రె ఉన్నది
జలుబు పట్టిన గొంతులా బొంగురు పోతుంది.
పందొమ్మిదేళ్ళుగా ఇదే నా పని,
మార్కాపురంలో కంభం రోడ్డు పక్కన
పొడికి మనుషులు తుమ్మే షెడ్డులో.
కళ్ళున్నవాళ్ళు దాటేసిన నెర్రెలు
నా దగ్గరికొచ్చి ఆగిపోతాయి.
మేస్త్రీ నన్ను కాశింవలీ అనడు,
చెవుల సాయిబూ అంటాడు.

నా ఫోన్లో ఒక ఆడగొంతు ఉంది.
వేలు ఎక్కడ పెడితే అక్కడున్నది చదువుతుంది.
మొన్న రాత్రి చిన్నదానికి జ్వరం.
ఇంటామె చీమకుర్తి పోయి ఉంది.
డాక్టరు రాసిన మాత్ర సగం విరిచి వెయ్యాలి, అది గుర్తుంది.
అన్నం ముందా, తర్వాతా
అన్నదే గుర్తు లేదు.
వెతుకుదామని కూర్చున్నా.

బటన్, అంది గొంతు.
పక్కకి జరిపా. బటన్, అంది.
కిందకి జరిపా. లేబుల్ లేని బటన్.
ఇంకా కిందకి. లింకు, నూట పద్నాలుగు.
దేనికి నూట పద్నాలుగు? చెప్పదు.
మా వీధిలో కుంటి మేకక్కూడా పేరుంది.
వీటిని కన్నవాళ్ళెవరో
పేరు పెట్టకుండానే సంతకి తోలారు.

చివర్లో ఓ ప్రశ్న:
నువ్వు మనిషివేనా?
అయితే బస్సులున్న బొమ్మలు నొక్కు.

బస్సులు నాకు తెలీకనా!
పొదిలి బస్సు గేరు మారేటప్పుడు మూలుగుతుంది.
దోర్నాల బస్సు దిగినవాళ్ళ బట్టల్లో
అడవిలో కురిసిన వాన వాసన.
ఒంగోలు బస్సుకి వెనక అద్దం ఒకటి
ఊరు దాటేదాకా కొట్టుకుంటూనే ఉంటుంది.
ఇవేవీ అడగలేదది.
నేను మనిషిని కాదని తేల్చేసి
మళ్ళీ మొదటికి తోలింది.
పక్కింటి రమీజాని నిద్రలేపి
అట్ట మీద చదివించుకున్నా.

సలోమి ఒంగోలు నించి వచ్చింది.
ఆ పిల్లా, ఇంకో ముగ్గురూ కలిసి
మందుల సంగతులు వెతికే పేజీ చేస్తున్నారంట.
"వాడి చూసి చెప్పన్నా, బానే ఉంటదిలే" అంది.
నేను వాడలేదు.
తెర నలుపు చేసి
ఫోను ఆ పిల్ల చేతిలోనే పెట్టా.
"నువ్వు వెతుకమ్మా."
టీ టైము. రంపం ఆగింది.
బటన్. బటన్. లేబుల్ లేని బటన్.
దాని ఊపిరి నాకు వినపడతా ఉంది.
ఓసారి "ఛీ" అంది, నన్ను కాదు.
కాసేపటికి ఫోను దించి
"ఇది నేను పెట్టిన బటనే అన్నా" అంది.

ఓ పలక తీసిచ్చి కొట్టమన్నా.
ఇంకోటి. ఇంకోటి.
మూడోదాని దగ్గర ఆగి "ఇది పగిలింది" అంది.
"కట్ట కట్టకముందే కొట్టుకోవాలి" అన్నా.
అంతకంటే ఏం చెప్పలా.

పదకొండు రోజులకి మళ్ళీ వచ్చింది.
వేలు పెట్టా.
"మందు పేరు ఇక్కడ రాయండి."
పక్కది, "వెతుకు."
దాని పక్కది, "తుడిచెయ్యి."
పేరు రాసి నొక్కితే
"ఏడు దొరికాయి, ఇది మొదటిది" అంది గొంతు.
నేను వెనక్కి జరిపి
"వెతుకు" అన్నదాన్ని ఇంకోసారి చదివించుకున్నా,
అవసరం లేకపోయినా.

ఆ కింద మాత్రం, బొమ్మ. బొమ్మ. బొమ్మ.
"వాటికింకా మాటలు రాయలేదన్నా," గొణిగింది.
"ఒకదానికి తెల్ల మాత్ర అని రాశా. ఇంకేం రాయాలో తెలీలా."
తెలుపు ఉండనీ,
ఇంట్లోవాళ్ళని అడగడానికి పనికొస్తది.
మధ్యలో గీత ఉందా? గోటికి తగులుతుందా? అది రాయి.
విరిస్తే సరిగ్గా సగమవుద్దా, పొడైపోద్దా, రాయి.
అట్టకి ఎన్ని గుంతలో రాయి.
పిల్ల టకటకా కొడతా ఉంది,
నేను చెప్తా ఉన్నా.
ఇంతలో రంపం మొదలైంది.
కొన్ని మాటలు దానికి వినపడలేదంది.
దగ్గరికి జరిగి
అరిచి చెప్పా.